మంద మారినను మిగిలిన ఖర్చు

సహకార సంఘముల లెక్కలు కాగితపు చిట్టాలను విడిచి కంప్యూటరులోనికి చేరుచున్న సంగతి సభ్యులెల్లరు నెఱిగినదే. ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల కంప్యూటరీకరణమునకు కేంద్ర ప్రభుత్వము 2022లో ఆమోదము తెలిపినది. పాడి సంఘములును, గొఱ్ఱెల పెంపకపు సంఘములును గూడ కొన్ని తమ జీవముల పద్దులను సాఫ్టువేరులో వ్రాసికొనుచున్నవి. దీనివలన మేలు కలుగుననుటలో మాకు సందేహము లేదు. అయినను ఒక చిక్కు పలుచోట్ల మా కంటబడుచున్నది. జీవములను ఒక మందనుండి మఱియొక మందకు మార్చిన పిమ్మట, పాత మందలో ఒక్క జీవమైనను లేకున్నను, దాని పేర కొంత ఖర్చు నిలిచియుండును. దొడ్డి ఖాళీయైనది గాని ఖాతా ఖాళీ కాలేదు.

సంవత్సరాంతమున లెక్క ముగింపవలసి వచ్చినప్పుడు గుమాస్తా ఆ శేషమును ‘ఇతర ఖర్చులు’ అను పద్దునకు త్రోసి చేతులు కడిగికొనును. ఖాతా సున్నకు వచ్చును, తనిఖీదారును ప్రశ్నింపడు. ఈ పద్ధతి తప్పని మా అభిప్రాయము. అది కేవలము గణకుల తప్పు గాదు, సభ్యులలో ఒకరి బరువును వేఱొకరి నెత్తిన పెట్టు తప్పు.

మే మెఱిగిన యొక సంఘములో జరిగినది చెప్పెదము. అంకెలను తేటగా నుండుటకై కొంత సవరించితిమి. కొందఱు సభ్యులు కూడి 40 పొట్టేలు పిల్లలను ఒక్కొక్కటి 4,500 రూపాయల వంతున సంతలో కొనిరి. రెండు మాసములు సాకుటకు మేతకును దాణాకును 36,000, టీకాలకును నట్టల మందునకును 4,000 అయినది. వెరసి 2,20,000. నడుమ రెండు పిల్లలు చచ్చినవి. తక్కిన 38 పిల్లలను, వానిని బలపఱచి అమ్మునట్టి రెండవ జట్టువారి మందకు మార్చిరి. గుమాస్తా మొత్తమును 40చే భాగించి, పిల్ల యొక్కింటికి 5,500 అని కట్టి, 2,09,000 రూపాయలను క్రొత్త మందకు పంపెను. చచ్చిన రెంటి వంతు 11,000 పాత మందలోనే నిలిచెను. పదునైదు దినములకు దాణా వర్తకుని చీటి యొకటి వచ్చినది. ఆ పిల్లలు ముందే తిని యరిగించుకొన్న దాణాకు 7,600. దానిని గూడ పాత మంద పేరనే వ్రాసిరి. ఇట్లు జీవములు లేని మందకు 18,600 రూపాయల ఖర్చు తేలినది.

ఆ సంఘమువారు మమ్ము సలహా అడిగిరి. అప్పుడు మేమును తొందరలో ‘ఇతర ఖర్చులకు వ్రాసివేయుడు’ అంటిమి. ఆ మాట అనకుండిన బాగుండెడిదని నేటికిని తలంచుచున్నాము. రెండవ జట్టువారు మఱి 57,000 ఖర్చుపెట్టి, ఆ 38 పొట్టేళ్లను 7,400 వంతున అమ్మి 2,81,200 తెచ్చిరి. వారి పుస్తకములో ఖర్చు 2,66,000 మాత్రమే కనుక 15,200 లాభముగా తేలెను. దానిని పంచుకొనిరి, సంతోషించిరి, అదే ధరకు మఱల పిల్లలను కొనిరి. కాని నిజముగా ఆ పొట్టేళ్లమీద బడిన ఖర్చు 2,84,600. వచ్చినది లాభము గాదు, 3,400 నష్టము. తేడా 18,600 ఎవరు మోసిరి? సంఘమంతయు మోసినది. గొఱ్ఱె నెన్నడును పెంపక, వరి పంటకై అప్పు తెచ్చికొనుటకు మాత్రమే వాటా కొన్న రైతు గూడ మోసెను. అతడు దానిని ఎఱుగనైన నెఱుగడు.

మిషను బడిలో మాకు లెక్కలు చెప్పిన పంతులుగారు భాగహారములో శేషము మిగిలినప్పుడు, దానిని చెఱిపి సున్న వ్రాసిన బాలుని కంటె, తప్పైనను శేషమును చూపిన బాలునే మెచ్చెడివారు. ఆ శేషమే తప్పు ఎచ్చట నున్నదో చెప్పునని వారి మాట. మంద ఖాతాలోని శేషమును గూడ అట్లే చూడవలెను. అది ఏల మిగిలినదో తెలిసికొన్న పిదపనే తీసివేయవలెను.

పై సంగతిలో ఆలస్యముగా వచ్చిన చీటిని ముందుగా చూతము. సాఫ్టువేరు బదిలీనాటి వఱకు వ్రాయబడిన ఖర్చునే లెక్కగట్టి పంపును. తరువాత వ్రాసినది తనంతట తాను జీవముల వెంట పోదు. కావున దాణా తినిపించిన తేదీతో చీటిని వ్రాసి, బదిలీని రద్దుచేసి మఱల చేయవలెను. అట్లు చేయ వీలు లేనిచో, తలలు లేకుండ ఖర్చును మాత్రము క్రొత్త మందకు పంపు సర్దుబాటు పద్దు వ్రాయవలెను. ఆ జీవములు అప్పటికే అమ్ముడుపోయి యుండిన యెడల ఆ ఖర్చు అమ్మకపు లెక్కకే చేరవలెను గాని, ఇప్పుడు దొడ్డిలో నున్న వేఱు పిల్లల మీద వేయరాదు. అవి ఆ దాణాను వాసన యైన చూడలేదు గదా. బదిలీకి ముందు వర్తకునితోను పశువైద్యునితోను బాకీలు తేల్చికొన్నచో ఈ బాధ సగము తీఱును.

ఇక చావుల మాట. పిల్లలను పెంచునప్పుడు ఒకటి రెండు పోవుట మామూలు. అట్టి నష్టమును బ్రతికినవే మోయవలెను, అనగా 40కి గాక 38కి భాగింపవలెను. చీటిని గూడ కలిపిన 2,27,600ను 38కి పంచగా ఒక్కింటికి 5,989 వచ్చి, 18 రూపాయలు మిగులును. ఈ 18 రూపాయలను మాత్రము చిల్లరగా వ్రాసికొనుడు, మా కభ్యంతరము లేదు. కాని కుక్కలు పడి పది పిల్లలను చీల్చినను, పిడుగు పడినను, పారుడు రోగము గాని చిటుక రోగము గాని దొడ్డిని ఊడ్చినను, అది మామూలు చావు కాదు. దానిని బ్రతికినవాని ధరలో దాచరాదు. నష్టముగా వేఱుగా చూపి, భీమా సొమ్ము వచ్చినచో అచ్చటనే జమకట్టవలెను. (టీకా సకాలమున వేయించినచో ఈ వివాదములు చాలవఱకు పుట్టనే పుట్టవు. కాని అది వేఱొక మాట.)

ఖాతా సున్నకు వచ్చినంత మాత్రమున లెక్క సరియైనదని గూడ అనుకొనరాదు. 2017లో తెలంగాణములో గొఱ్ఱెల పంపిణీ మొదలైనప్పుడు 20 గొఱ్ఱెలును ఒక పొట్టేలును కలిపి 21 జీవములను ఒక యూనిటుగా నిర్ణయించిరి. దగ్గఱి సంపర్కము కలుగకుండ ఆ పొట్టేలును కొంతకాలమునకు వేఱొక మందకు మార్చుకొనుట మంచిది. అప్పుడు మొత్తమును 21చే భాగించి పంపినచో, మేలుజాతి పొట్టేలు గొఱ్ఱె ధరకే పోవును, దాని అసలు వెల గొఱ్ఱెల మీద నిలిచిపోవును. శేషము కనబడదు గాని ఉన్నది. ఇట్టి చోట తలలను బట్టి గాక కొన్న వెలను బట్టి పంపవలెను. పిల్లల మందలో పెద్దవానిని ముందుగా మార్చి చిన్నవానిని నిలుపుకొన్నప్పుడు తూకమును బట్టి పంచుట న్యాయము. పశువులకును గేదెలకును 12 అంకెల చెవి పోగు ఉన్నది గనుక వాని ఖర్చును ఒక్కొక్కదాని పేరనే వ్రాసికొనవచ్చును.

కొద్ది మొత్తమునకు ఇంత శ్రమ యేల యని కొందఱనవచ్చును. మేము చెప్పిన సంఘములో ఆ కొద్ది మొత్తమే నష్టమును లాభముగా చూపి, రెండవమాఱు గూడ అదే ధరకు పిల్లలను కొనిపించినది. ఆ రెండవ మంద అమ్ముడైన పిదప ఇద్దఱు సభ్యులు పొదుపు సొమ్ము తీసి తమ అప్పు కట్టవలసి వచ్చినది.

కాబట్టి మార్చి 31కి ముందే ప్రతి సంఘమును జీవములు లేని మందల పట్టిక తీయించి, ఒక్కొక్క శేషమునకు ఎదురుగా కారణమును గుమాస్తాచేత వ్రాయించి, ఆ మందను సాకిన జట్టువారికి చదివి వినిపించి, వారి ఒప్పుదల సంతకము పొందిన పిమ్మటనే సర్దుబాటు పద్దును పాలకవర్గము ముందుంచవలెనని కోరుచున్నాము.