కారులో పాకం వాసన!

రేడియేటర్ పాడైంది. షెడ్డుకిచ్చి కొత్తది వేయించారు. బిల్లు కట్టి బండి ఇంటికి తెచ్చుకున్నారు. తీరా మర్నాడు పిల్లల్ని స్కూల్లో దింపడానికి బయల్దేరితే... ఎవరో బెల్లం పాకం పడుతున్నట్టు వాసన! పైగా వెనక సీట్లోంచి 'ఏం స్వీటు తెచ్చావ్ డాడీ?' అన్న ప్రశ్నొకటి.

ఆ వాసన కూలెంట్‌ది. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ వల్ల అలా తియ్యటి వాసన వస్తుంది. పాత రేడియేటర్ విప్పేటప్పుడు ఎంత జాగ్రత్తపడ్డా కాస్తయినా ఒలుకుతుంది. ఇంజిన్ మీదా, సైలెన్సర్ గొట్టం మీదా పడ్డ చుక్కలు బండి వేడెక్కినప్పుడల్లా ఆవిరవుతుంటాయి. కొత్త రేడియేటర్ మీది పూత కూడా మొదట్లో వేడికి కొంచెం కమురు వాసన వేయొచ్చు. నాలుగు రోజులు తిప్పేసరికి ఇవన్నీ వాటంతటవే పోతాయి. ఒలికినచోట షెడ్డులోనే శుభ్రంగా తుడిచి ఇస్తే ఈ గొడవే ఉండదు. అంత ఓపిక ఎందరికుంటుంది!

వారమైనా తగ్గలేదంటే ఎక్కడో కారుతున్నట్టే. చాలాసార్లు కొత్త రేడియేటర్ బాగానే ఉంటుంది. దానికి తగిలించిన పాత రబ్బరు పైపులూ, వాటి క్లిప్పులే మొరాయిస్తాయి. రాత్రిపూట ఇంజిన్ కింద పాత పేపర్లు పరిచి చూడండి. తెల్లారేసరికి ఆకుపచ్చో, గులాబీ రంగో మరక పడితే కూలెంటే. రంగూ వాసనా లేని తడైతే ఏసీ నీళ్లు, కంగారు లేదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక పక్కనుండే చిన్న ట్యాంకులో మట్టం కూడా చూడాలి. పైపుల్లో చిక్కుకున్న గాలి బయటికి పోయి ఒకసారి మట్టం దిగడం మామూలే. మళ్లీ నింపాక కూడా దిగుతుంటే మెకానిక్‌కి చూపించాల్సిందే. వేడి మీద మాత్రం మూత విప్పొద్దు. లోపలి ఒత్తిడికి సలసల కాగే కూలెంట్ ముఖాన చిమ్ముతుంది.

వాసన ఏసీ గాలిలో వస్తూ, ముందు అద్దానికి లోపలివైపు జిగురులాంటి పొర పడుతోందా? అనుమానించాల్సింది హీటర్ కోర్‌ని. 'మన ఎండలకి హీటరెప్పుడు వేశాం' అనుకోవద్దు. వేసినా వేయకపోయినా చాలా కార్లలో వేడి కూలెంట్ దాని గుండా తిరుగుతూనే ఉంటుంది. కొత్త రేడియేటర్, కొత్త మూత వచ్చి లోపల ఒత్తిడి సరిగ్గా నిలవడం మొదలయ్యాక, అన్నాళ్లూ ఎలాగో నెట్టుకొచ్చిన పాత భాగం చిట్లిపోవచ్చు.

రబ్బరు కాలిన వాసనైతే బెల్టు మీద కూలెంట్ పడిందేమో, ఏదైనా పైపు దానికి రాసుకుంటోందేమో చూడాలి. పెట్రోలు వాసనొస్తే బండి స్టార్ట్ చేయకుండా మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.

ఇంట్లో చిన్నపిల్లలో, కుక్కో ఉంటే కింద పడ్డ మరకని తేలిగ్గా తీసుకోకూడదు. ఇథిలీన్ గ్లైకాల్ విషం. తియ్యగా ఉంటుంది కనుక కుక్కలు నాకేస్తాయి. పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. మొదట మత్తుగా, తూలుతున్నట్టు ఉండి, తర్వాత కాస్త తేరుకున్నట్టే కనిపించినా లోపల కిడ్నీలు దెబ్బతింటుంటాయి. తాగారని అనుమానమొస్తే చాలు, ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. కూలెంట్ డబ్బా కూడా వెంట తీసుకెళ్లాలి. నేల మీద పడినదాన్ని ఇసుక చల్లి ఎత్తేసి, సబ్బునీళ్లతో కడగండి. మిగిలినదాన్ని కూల్‌డ్రింక్ సీసాలో పోసి మెట్ల కింద పెట్టే అలవాటుంటే ఈరోజే మానేయండి. దాని డబ్బాలోనే, పిల్లలకు అందని అటక మీద ఉండాలది.