సూది వేయించుకునే ముందు డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు అడగండి!



వానలు పడ్డాయి, జ్వరాలు మొదలయ్యాయి. ఒళ్లు కాలగానే దగ్గర్లో ఉన్న ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి "ఒక సూది వేయి సారూ, రేపు పనికి పోవాలె" అంటున్నాం. ఏ మందు వేశాడో మనం అడగం, ఆయన చెప్పడు. తెల్లారేసరికి జ్వరం దిగితే ఆయన చేయి మంచిదంటాం.

అంత తొందరగా దించిన సూదిలో స్టెరాయిడ్ ఉండొచ్చు. డెక్సామెథాసోన్, బెటామెథాసోన్ లాంటివి జ్వరాన్ని అణచిపెడతాయి, రోగం మాత్రం లోపలే ఉంటుంది. టీబీ ఉంటే ముదురుతుంది. షుగరు ఉన్నవాళ్లకు షుగరు ఎగబాకుతుంది. డెంగీలో ఇంకో ముప్పు ఉంది. ఒళ్లునొప్పులకని వేసే డైక్లోఫెనాక్ సూది, ఐబుప్రోఫెన్ గోళీ రక్తస్రావం ముప్పును పెంచుతాయి. డెంగీ అనుమానముంటే జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే వాడాలి. జ్వరం తగ్గింది కదా అని ధీమాగా ఉండకండి, డెంగీ విషమించేది ఎక్కువగా అప్పుడే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ఇంగ్లిష్ మందులు రాయాలంటే ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు చదవాలి, ఏడాది హౌస్ సర్జన్‌గా చేయాలి, మెడికల్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. పంటి డాక్టరు పంటి జబ్బులకు రాయొచ్చు. ఆయుర్వేద, హోమియో డాక్టర్లూ చదువుకున్నవాళ్లే, కానీ వాళ్ల చదువు వాళ్ల వైద్యానికే. ముంబైలో ఒక హోమియో డాక్టరు జ్వరానికి ఇంగ్లిష్ మందులిచ్చాడు, రోగి చనిపోయాడు. చదవని వైద్యం చేయడమే నిర్లక్ష్యమని 1996లో సుప్రీంకోర్టు తేల్చి, ఆ కుటుంబానికి 3 లక్షల పరిహారం ఇప్పించింది. నమోదు లేకుండా వైద్యం చేస్తే 2019 నాటి చట్టం ప్రకారం ఏడాది దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

ఆర్‌ఎంపీకి ఆ చదువూ, నమోదూ లేవు. అయినా రాత్రి తలుపు కొడితే లేచి వచ్చేది మన ఊరి ఆర్‌ఎంపీయే. ఆ మేలు మరిచిపోలేం. ఆయన్ని తరిమేయమని మేం అనడం లేదు. కట్టు కట్టనివ్వండి, ఓఆర్‌ఎస్ తాగించనివ్వండి, 108 పిలిపించనివ్వండి. యాంటీబయాటిక్, స్టెరాయిడ్, సెలైన్ జోలికి మాత్రం పోనివ్వకండి.

మందుల చీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండి తీరాలి. లేకపోతే అడగండి. జాతీయ మెడికల్ కమిషన్ వెబ్‌సైటులో ఆ నంబరు కొట్టి చూడమని చదువుకున్న పిల్లలకు చెప్పండి. మందుల షాపులో అట్ట మీద ఎర్రగీత ఉన్న గోళీలను చీటీ లేకుండా కొనకండి. షాపాయన మందు అమ్మాలే గానీ రాయకూడదు. బలమైన యాంటీబయాటిక్‌లలో చాలావాటికి డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలని 2014 నుంచి నియమం ఉంది.

ఇదంతా నిలవాలంటే సర్కారు దవాఖానలో డాక్టరు కూర్చోవాలి. రాని డాక్టరు కోసం ఎదురుచూసి విసిగినవాళ్లే సూది కోసం పోతున్నారు. అందుకే వచ్చే గ్రామసభకు ప్రతి ఇంటి నుంచీ ఒకరు రండి. పీహెచ్‌సీలో డాక్టరు ఏ రోజు, ఏ గంటకు ఉంటారో గోడ మీద రాయాలని, ఖాళీ పోస్టు నింపాలని తీర్మానం చేయిద్దాం, జిల్లా వైద్యాధికారికి పంపిద్దాం. దరఖాస్తు పంచాయతీ ఆఫీసు దగ్గర ఉంది, సంతకం పెట్టండి. ఈ కాగితం చదివినవాళ్లు చదవలేని పక్కింటి వాళ్లకు చదివి వినిపించండి.

ఇట్లు,
మీ ఊరి ఆరోగ్య కార్యకర్తలు