పిచ్చివాని పక్షమున మాటలాడువారెవరు?

పిచ్చి యనునది రోగమే కాదనియు, బలవంతులు తమకు లొంగనివారికి పెట్టిన పేరు మాత్రమే యనియు వాదించుట చదువుకొన్నవారిలో నొక పరిపాటియైనది. ఈ వాదమునకు ప్రమాణముగా ఫ్రెంచి తత్త్వవేత్త మిషెల్ ఫూకో 1961లో ప్రకటించిన ఉన్మాద చరిత్రను చూపుచుందురు. అది గొప్ప గ్రంథమే. కాని గొప్ప గ్రంథమును గౌరవించుట వేరు, దాని చాటున మన బాధ్యతను దాచుకొనుట వేరు. ఈ రెండవ పనినే నేనిచట ఖండింపదలచితిని.

ముందుగా ఫూకో పక్షమును న్యాయముగా వినవలెను. ఆయనకు పూర్వము ఈ చరిత్రను మిక్కిలిగా వైద్యులే వ్రాసిరి. అది చీకటినుండి వెలుగునకు సాగిన విజయగాథగా నుండెడిది. ఫూకో ఆ కథను తలక్రిందులు చేసెను. 1656లో పారిస్ నగరమున రాజశాసనముచే జనరల్ హాస్పిటల్ ఏర్పడినది. పేరునకు ఆసుపత్రియే కాని అందు బిచ్చగాండ్రను, పనిలేనివారిని, దుర్వృత్తులను, పిచ్చివారిని కలిపి బంధించిరి. దీనినే ఆయన మహానిర్బంధమనెను. తరువాత 18వ శతాబ్ది చివర పారిస్‌లో పినెల్, ఇంగ్లండులోని యార్క్ నగరమున ట్యూక్ సంకెళ్లను తొలగించిరని కీర్తి గాంచిరి. సంకెల పోయిన మాట నిజమే. కాని దాని స్థానమున ఎడతెగని కాపలాచూపును, అపరాధభావమును రోగి మనస్సునకు తగిలించిరని ఫూకో అభియోగము. మానసిక వైద్యము పిచ్చివానితో మాటలాడుట లేదనియు, అతనిని గూర్చి బుద్ధిమంతులు తమలో తాము పలుకుకొను ఏకపాత్రాభినయమే యదియనియు ఆయన సారాంశము.

ఈ ప్రశ్న అమూల్యమైనది. కాని ఆయన చెప్పిన చరిత్ర అంతయు నిలువలేదు. పిచ్చివారిని ఓడలకెక్కించి ఊరూర త్రిప్పెడివారని ఆయన వ్రాసెను. 1494లో సెబాస్టియన్ బ్రాంట్ రచించిన మూఢుల నౌక యను కావ్యము ఉన్నమాట సత్యమే; అట్టి ఓడలు నిజముగా నడచెననుటకు మాత్రము పరిశోధకులకు తగిన సాక్ష్యము దొరకలేదు. ఇంగ్లండులో 17, 18 శతాబ్దులయందు పిచ్చివారి భారము చాలవరకు కుటుంబములపైనను, గ్రామములపైనను ఉండెననియు, పెద్ద పెద్ద ఆశ్రయములు 19వ శతాబ్దపు పనియనియు రాయ్ పోర్టర్ నిరూపించెను. పారిస్‌లో బంధింపబడినవారిలోనైనను అధికసంఖ్యాకులు పిచ్చివారు కారు, బీదలు.

తత్త్వవేత్తల ఆక్షేపణ మరియొక విధమైనది. 1963లో జాక్ డెరిడా ఒక ఉపన్యాసమున ఇట్లు నిలదీసెను: మూగవోయిన ఉన్మాదమునకు చరిత్ర వ్రాయుచుంటినన్న ఫూకో ఏ భాషలో వ్రాయుచున్నాడు? అది బుద్ధి యొక్క భాషయే కదా! డెకార్ట్ 1641 నాటి తన ధ్యానములలో ఉన్మాదమును ఆలోచననుండి వెలివేసెనన్న ఫూకో భాష్యమును కూడ ఆయన కాదనెను. ఫూకో 1972లో తీవ్రముగా బదులు పలికెను. మొదటి ప్రశ్న పదునైనదని నా యభిప్రాయము. కాని డెకార్ట్ వ్రాసిన కొన్ని పంక్తులపై ఇంత వాదము జరిగినను, ఇరువురి నడుమ నిజమైన రోగికి కూర్చుండ చోటు దొరకలేదు.

ఆ చోటును చూపినవారు గ్లాడిస్ స్వేన్, మార్సెల్ గోషేలు. స్వేన్ స్వయముగా మానసిక వైద్యురాలు. ఆమె 1977లోను, ఇరువురు కలిసి 1980లోను ప్రకటించిన గ్రంథములు ఫూకోకు బలమైన ప్రత్యుత్తరములు. పూర్వము పిచ్చివాడు వీధులలో స్వేచ్ఛగా తిరిగెననుట గౌరవము కాదు; మనుష్యకోటిలో చేర్చనందుననే వానిని సహించిరని వారు వాదించిరి. ఎంతటి ఉన్మాదిలోనైనను వివేకము కొంత మిగిలియుండును గనుక అతనితో మాటలాడవచ్చునని పినెల్ గ్రహించుటయే అసలు మలుపు. సంకెళ్ల కథ పిమ్మట పెంచిన పురాణమే. 1797లో బిసేత్ర్ ఆశ్రయమున వానిని విప్పించినవాడు ప్యుస్సాన్ అను పర్యవేక్షకుడు. ఆయన డాక్టరు కాడు, ఒకప్పుడు అచటనే చికిత్స పొందినవాడు. అయినను ఈ పక్షమునకును లోపము కలదు. మాటలాడుటకై కట్టిన భవనములు 19వ శతాబ్దమున కిక్కిరిసి, ఆ మాటయే కరవైపోయినది.

ఇక మన సంగతి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రయము అంటుకొని, సంకెళ్లతో కట్టివేయబడిన 28 మంది మానసిక రోగులు దగ్ధులైరి. ఆ గొలుసులను వేయుమన్నది వైద్యశాస్త్రము కాదు. అట్టి చోట్లకు రోగులను చేర్చినవారు తరచు బంధువులే. వైద్యమే సంకెలయని వాదించువారు దీనికేమి సమాధానము చెప్పుదురు? 1912 నాటి ఉన్మాదుల చట్టము రోగిని నిర్బంధింపదగినవానిగా చూచిన మాట నిజము. అచట ఫూకో సందేహము మనకు ఉపయోగపడును. 2017 నాటి చట్టము గొలుసు వేయుటను నిషేధించినది. కాని పెరటిగదికి వేసిన గడియను ఏ చట్టము తీయగలదు?

ఇంట తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియాయో మరాఠీయో అయిన మనకు ఇందు మరియొక పాఠము కలదు. మనస్సు చెదరినప్పుడు మనిషి తల్లిభాషలోనే పలవరించును. వైద్యునియెదుట తల్లి పది మాటలు చెప్పగా కుమారుడు సిగ్గుపడి రెండే అనువదించును. తక్కినవి పిచ్చిమాటలని మ్రింగివేయును. ఫూకో చెప్పిన ఏకపాత్రాభినయము పారిస్‌లోనే కాదు, మన నోటనే జరుగుచున్నది!

కావున రోగము లేదని చెప్పి రోగిని వదలివేయవలదు. రోగము కలదని చెప్పి అతని మాటను త్రోసివేయవలదు. వైద్యునికడకు తీసికొనిపొండు, ప్రక్కన కూర్చుండుడు, ఆ పది మాటలను పదిగానే వినిపింపుడు. తత్త్వవేత్తల వివాదము ఎన్నటికి తీరునో గాని, ఈ పని నేడే ఆరంభింపవచ్చును.