కార్డు దొరకలేదా, మనం వెతకలేదా?

మన కాలేజీలో లినక్స్ వేసుకుందామని మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది ఆగిపోయేది ఒక్కచోటే. ఇన్‌స్టాలర్ వస్తుంది, భాష అడుగుతుంది, కీబోర్డు అడుగుతుంది. నెట్‌వర్క్ దగ్గరికి వచ్చేసరికి వై-ఫై జాబితా ఖాళీ. ఇక అక్కడి నుంచి రెండే తీర్మానాలు: "ఈ డిస్ట్రో బాలేదు, ఇంకోటి వేద్దాం", లేదంటే "లినక్స్ మనకి పడదు, విండోస్‌కే పోదాం". నా ఉద్దేశంలో రెండూ తప్పే. ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టులో మనకెవరూ ఇవ్వని అసలైన ల్యాబ్ ఎక్సర్‌సైజు ఆ ఖాళీ జాబితానే. దాన్ని చేజేతులా వదిలేసుకుంటున్నాం.

ముందు ఈ డిస్ట్రోలు మార్చే అలవాటు సంగతి చూద్దాం. మా హాస్టల్లో ఒక జూనియర్ మూడు రోజుల్లో నాలుగు డిస్ట్రోలు మార్చాడు. పెన్‌డ్రైవ్ అరిగింది గానీ వై-ఫై రాలేదు. చివరికి ఆర్‌ఎఫ్‌కిల్ కమాండ్ కొడితే 'హార్డ్ బ్లాక్డ్: ఎస్' అని వచ్చింది. అంటే కీబోర్డు మీద విమానం బొమ్మ ఉన్న బటన్‌తో రేడియో ఆగిపోయి ఉందన్నమాట. బటన్ నొక్కాడు, వచ్చేసింది! నాలుగు డిస్ట్రోల లోపలా ఉన్నది లినక్స్ కెర్నలే కదా. చొక్కా మారిస్తే జ్వరం తగ్గుతుందా?

"నెట్‌వర్క్ కార్డు డిటెక్ట్ అవ్వట్లేదు" అనేది నిజానికి ఒక సమస్య పేరు కాదు. నాలుగు వేర్వేరు సమస్యలకి మనం పెట్టుకున్న ఉమ్మడి పేరు. వాటిని విడదీసి, వరసగా అడగాలి.

మొదటి ప్రశ్న: కార్డు అసలు మెషీన్‌కి కనిపిస్తోందా? ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌కి 'డాష్ ఎన్‌ఎన్' తగిలించి కొడితే పీసీఐ బస్ మీదున్న ప్రతి పరికరం పక్కనా రెండు నంబర్లు వస్తాయి. మొదటిది తయారీదారుది, రెండోది ఆ మోడల్‌ది. మన హాల్ టికెట్ నంబర్లో కాలేజీ కోడ్, బ్రాంచ్ కోడ్ ఉన్నట్టే. 8086 అని ఉంటే ఇంటెల్ (పాత ప్రాసెసర్ పేరునే నంబరుగా పెట్టుకున్నారు), 10ఈసీ అయితే రియల్‌టెక్, 14ఈ4 అయితే బ్రాడ్‌కామ్. ఈ లిస్టులో కార్డు లేకపోతే డ్రైవర్ల కోసం ఊరంతా తిరిగి లాభం లేదు. బయాస్‌లో ఆపేసి ఉండాలి, స్లాట్‌లో వదులుగా ఉండాలి, లేదా పోయి ఉండాలి. యూఎస్‌బీ అడాప్టర్ అయితే ఇదే ప్రశ్న ఎల్‌ఎస్‌యూఎస్‌బీని అడగాలి.

రెండో ప్రశ్న: కనిపించిన కార్డుకి డ్రైవర్ ఉందా? 'డాష్ కే' తగిలిస్తే 'కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్' అనే లైను రావాలి. రాకపోతే, చాలాసార్లు చిప్ కొత్తది, కెర్నల్ పాతది. ఎన్నో ల్యాప్‌టాపుల్లో ఉండే రియల్‌టెక్ 8821సీఈనే తీసుకోండి. దానికి కెర్నల్‌లోనే డ్రైవర్ వచ్చింది 5.9 వెర్షన్‌తో, అంటే 2020 చివర్లో. అంతకుముందు బయటి కోడ్ తెచ్చి కంపైల్ చేసుకోవాల్సి వచ్చేది. అలా చేసినా సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, సంతకం లేని మాడ్యూల్ని చాలా డిస్ట్రోల్లో కెర్నల్ లోపలికి రానివ్వదు.

మూడో ప్రశ్న: డ్రైవర్ ఉంది సరే, ఫర్మ్‌వేర్ ఉందా? ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్ళు మన క్లాసులోనే బోలెడుమంది. డ్రైవర్ నడిచేది మన ప్రాసెసర్ మీద. ఫర్మ్‌వేర్ నడిచేది కార్డు లోపలి చిప్ మీద. కార్డు లేవగానే డ్రైవర్ ఆ ఫైలుని దానికి అందించాలి. ఫైలు లేకపోతే కెర్నల్ లాగ్‌లో 'ఫర్మ్‌వేర్ లోడ్ ఫెయిల్డ్, ఎర్రర్ మైనస్ 2' అన్న అర్థంలో ఒక లైను పడుతుంది, ఫైలు పేరుతో సహా. ఆ మైనస్ 2కి అర్థం 'అలాంటి ఫైలు లేదు' అని. ఇంకెలా చెప్పాలి పాపం?

నాలుగోది ఆ జూనియర్ కథే. అన్నీ ఉన్నా రేడియో ఆపేసి ఉండటం.

ఇక్కడ ఒక చిక్కుంది, ఒప్పుకోవాలి. డ్రైవర్ దింపుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు! విరుగుడు మన జేబులోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేస్తే, లినక్స్‌కి అది మామూలు ఈథర్‌నెట్ కార్డులా కనిపిస్తుంది. వై-ఫై డ్రైవర్‌తో పని లేదు.

బీఎస్‌డీ వైపు వెళ్తే ఈ సంభాషణ ఇంకా సూటిగా ఉంటుంది. ఓపెన్‌బీఎస్‌డీ బూట్ అవుతున్నప్పుడు డ్రైవర్ లేని పరికరం కనబడితే, దాని లైను చివర 'నాట్ కాన్ఫిగర్డ్' అని రాసేస్తుంది. ఫ్రీబీఎస్‌డీలో ఇంటర్‌ఫేస్ పేరే డ్రైవర్ పేరు: ఈఎం0 అంటే ఇంటెల్, ఆర్‌ఈ0 అంటే రియల్‌టెక్. అయితే అక్కడ వై-ఫై కార్డు ఐఎఫ్‌కాన్ఫిగ్‌లో నేరుగా కనిపించదు. దాని మీద డబ్ల్యూలాన్0 అని ఒకదాన్ని మనం సృష్టించుకోవాలి. ఇది తెలియక బాగున్న కార్డుని 'దొరకలేదు' అనేవాళ్ళున్నారు.

"ఇదంతా మనకెందుకు? కంపెనీలు డ్రైవర్లు సరిగ్గా ఇవ్వాలి గానీ" అని మీరనొచ్చు. అందులో సగం నిజం. ఫర్మ్‌వేర్ సోర్స్ ఇవ్వకపోవడం తయారీదారుల నిర్ణయం, ఇబ్బంది పడేది మనం. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ విషయంలో పట్టుదలగా ఉండే డెబియన్ వాళ్ళు కూడా 2022లో ఓటింగ్ పెట్టుకుని, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఆ ఫర్మ్‌వేర్‌ని అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే పెట్టారు. సిద్ధాంతం కన్నా ముందు మనిషికి నెట్ రావాలి అనుకున్నారు. నాకది సబబే అనిపించింది. అలాగే, రేపు ప్రాజెక్టు సబ్మిషన్ ఉంటే ఈ రాత్రి కూర్చుని పరిశోధన చేయమని ఎవరూ అనరు. ఫోన్ పెట్టుకుని పని కానిచ్చుకోండి.

కానీ ఎప్పుడూ అదే దారి అయితే ఎలా? డెడ్‌లాక్‌కి నాలుగు షరతులు నిద్రలో లేపినా చెప్తాం. మన సొంత కెర్నల్ మన స్క్రీన్ మీద రాసిన నాలుగు లైన్లు మాత్రం చదవం. ఎర్రగా ఏదైనా కనబడితే విండో మూసేయడం, ఫోటో తీసి గ్రూపులో పడేసి "అన్నా, ఏంటిది?" అనడం. ఆ ఫోటోలో జవాబు ఉంటుంది, చదివేవాళ్ళే ఉండరు. సాహిత్య క్లబ్ పత్రికలో కాబట్టి ధైర్యంగా అంటున్నాను: ఎర్రర్ మెసేజ్ చదవడం కూడా చదవడమే. కథ చదివినప్పుడు పాత్ర ఏమందో, ఏం అనకుండా వదిలేసిందో చూస్తాం కదా. లాగ్‌ని కూడా అలాగే చూడాలి. ఏ లైను వచ్చిందో ఎంత ముఖ్యమో, రావాల్సిన లైను ఏది రాలేదో అంతే ముఖ్యం.

అందుకే ఒక చిన్న ప్రతిపాదన. సెమిస్టర్‌కి ఒక్క శనివారం మధ్యాహ్నం ఓఎస్ ల్యాబ్‌లో ఇన్‌స్టాలేషన్ కోసం కేటాయించాలి. అందరూ సొంత ల్యాప్‌టాపులు తెచ్చుకోవాలి, డేటా ముందే బ్యాకప్ తీసుకుని. ల్యాబ్ మెషీన్లు వద్దు, వాటిలో అన్నీ ముందే పనిచేస్తుంటాయి. వై-ఫై రానివాళ్ళకి సీనియర్లు జవాబు చెప్పకూడదు, ఆ నాలుగు ప్రశ్నలే అడగాలి. ఎవరి చిప్ నంబరు ఏమిటో, ఏ ప్రశ్న దగ్గర చిక్కు విడిందో తెలుగులో ఒక నోటుపుస్తకంలో రాసి ల్యాబ్‌లోనే ఉంచాలి. వచ్చే ఏడాది అదే మోడల్ ల్యాప్‌టాప్‌తో వచ్చే తమ్ముడికో చెల్లికో ఆ పేజీ పనికొస్తుంది. హెచ్‌ఓడీ గారు ఒప్పుకుంటే మొదటి శనివారానికి పెన్‌డ్రైవులు, రెండు యూఎస్‌బీ కేబుళ్ళు నేను తెస్తాను.