నల్లమలలో లైవ్ లొకేషన్‌ని నమ్ముకోకండి

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఉండేవాళ్లకి శ్రీశైలం ట్రిప్ అంటే పెద్ద ప్లానింగ్ ఏమీ ఉండదు. శుక్రవారం రాత్రి గ్రూప్‌లో ఒక మెసేజ్, శనివారం తెల్లారకముందే ఔటర్ ఎక్కడం, తుక్కుగూడ దగ్గర దిగి కడ్తాల్, ఆమనగల్లు, డిండి మీదుగా మన్ననూరు. రెండు మూడు బండ్లు ఉంటే బయల్దేరేటప్పుడే ఎవరో ఒకరు అంటారు: "వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ ఆన్ చేయండ్రా, చాలు." నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా. ఔటర్ మీద అది చాలు. మన్ననూరు దాటాక చాలదు.

మన్ననూరు చెక్‌పోస్ట్ నుంచి దోమలపెంట దాకా రోడ్డు అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ మధ్యలోంచి పోతుంది. 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న అడవి అది. ఊళ్ల దగ్గర సిగ్నల్ వస్తుంది, మలుపు తిరగ్గానే పోతుంది. చాలాచోట్ల అసలు ఉండదు. పైగా రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రెండు గేట్లూ మూసేస్తారు. అంటే ఒక బండి వెనకబడితే దాన్ని వెతకడానికి మీ దగ్గర ఉండే టైమ్ కూడా లెక్కే.

చుక్క ఆగిందంటే బండి ఆగినట్టు కాదు

ఇక్కడ చాలామంది కలిపేసే రెండు విషయాలున్నాయి. మీరు ఎక్కడున్నారో మీ ఫోన్ తెలుసుకోవడానికి నెట్ అక్కర్లేదు. దాదాపు 20,000 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాలు పంపే సిగ్నల్ అందుకుని లెక్కేసుకుంటుంది. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో కూడా ఇప్పటి ఫోన్లు ఈ పని చేస్తాయి. కానీ ఆ లొకేషన్ మీ ఫ్రెండ్ ఫోన్‌కి చేరాలంటే డేటా కావాలి. డేటా పోయిన క్షణంలో మీ చుక్క మ్యాప్ మీద అక్కడే నిలబడిపోతుంది. "లాస్ట్ అప్‌డేటెడ్" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. కంగారులో దాన్ని ఎవరూ చదవరు.

మొన్న మా తిరుగు ప్రయాణంలో ఇదే జరిగింది. సాయంత్రం ఐదింటికి రెండు కార్లూ దోమలపెంట దాటాయి. మేం ఆరున్నరకి మన్ననూరు చేరాం. వెనక కారు చుక్క మాత్రం ఇంకా దోమలపెంటలోనే ఉంది. కారులో నలుగురం, నాలుగు మాటలు. టీకి ఆగుంటారని ఒకడు, యాక్సిడెంట్ ఏమోనని ఒకడు, వెంటనే వెనక్కి పోదామని ఇంకొకడు. అయితే పొద్దున్నే ఒక మాట అనుకున్నాం: ముందు వచ్చినవాళ్లు మన్ననూరు గేట్ దగ్గర ఏడున్నర దాకా ఆగాలి, అప్పటికీ రాకపోతే చెక్‌పోస్ట్‌లో చెప్పి వెనక్కి వెళ్లాలి. ఏడూ ఇరవైకి వాళ్లొచ్చారు. వటవర్లపల్లి దాటాక పంక్చర్, స్టెప్నీ మార్చుకుని వచ్చారు. ఆ యాభై నిమిషాలు ఫోన్లు మాకు చెప్పింది ఏమీ లేదు. పనికొచ్చింది పొద్దున అనుకున్న ఆ ఒక్క మాటే.

అయితే ఫోన్ దండగా? కాదు

అడవిలో ఫోన్‌ని మాట్లాడే వస్తువులా కాకుండా, దారి చూపే వస్తువులా వాడాలి. దానికి ఇంట్లో వైఫై మీద ఉండగానే చేయాల్సిన పనులివి:

- గూగుల్ మ్యాప్స్‌లో హైదరాబాద్ నుంచి శ్రీశైలం, దోర్నాల దాకా ఏరియా ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేయండి. డ్రైవింగ్ దారి నెట్ లేకుండానే చూపిస్తుంది, ట్రాఫిక్ మాత్రం చూపించదు. ఒక్క ఫోన్‌లో కాదు, ప్రతి బండిలో ఇద్దరి దగ్గర ఉండాలి.
- నావిగేషన్ మన్ననూరు ముందే స్టార్ట్ చేయండి. ఉపగ్రహాలు ఎక్కడున్నాయో ఫోన్ మామూలుగా నెట్ నుంచి చిటికెలో తెచ్చుకుంటుంది. నెట్ లేకపోతే ఆ సమాచారం ఉపగ్రహం నుంచే అందుకోవాలి. చెట్ల కింద దానికి టైమ్ పడుతుంది.
- సిగ్నల్ కోసం వెతుకుతూ ఉండే ఫోన్ బ్యాటరీ తినేస్తుంది. బండిలో ఒక ఫోన్ ఆన్‌లో ఉంచి మిగతావి ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి.
- బండిలో అందరివీ ఒకే కంపెనీ సిమ్‌లు కాకుండా చూసుకోండి. మీ సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా ఇంకో కంపెనీ టవర్ అందితే 112 కలుస్తుంది. ఏ టవరూ లేనిచోట అదీ కలవదు.

డబ్బుతో కొనేసేది కాదు

ఈ టాపిక్ వస్తే కొందరు వెంటనే గ్యాడ్జెట్ల లిస్ట్ తీస్తారు. ఐఫోన్ 14 నుంచి ఉన్న శాటిలైట్ ఎస్‌ఓఎస్ మన దేశంలో పనిచేయదు. విదేశాల నుంచి శాటిలైట్ ఫోన్ తెప్పించుకుందామనుకుంటే, అనుమతి లేకుండా వాడటం నేరం. వాకీటాకీల్లో 446 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే తక్కువ పవర్ సెట్లకి లైసెన్స్ అక్కర్లేదు. కానీ ఘాట్ మలుపుల్లో, కొండ అడ్డమొస్తే వాటి రేంజ్ బాక్స్ మీద రాసినంత ఉండదు. టైగర్ రిజర్వ్‌లో పర్మిషన్ లేకుండా డ్రోన్ లేపే ఆలోచన అసలే వద్దు.

"అడవంతా టవర్లు వేసేస్తే పోలా" అనేవాళ్లతో నేను ఒప్పుకోను. మనకి అది గంటన్నర దారి, పులులకి ఇల్లు. ఫోన్ కలవాల్సిన అవసరం మనకంటే లోపల పెంటల్లో ఉండే చెంచులకి ఎక్కువ. అంబులెన్స్‌కి చెప్పాలన్నా వాళ్లకి అదే సిగ్నల్ దిక్కు. టవర్ వేస్తే ముందు వాళ్లుండే చోట వేయాలి. మన రీల్స్ అప్‌లోడ్ కోసం కాదు. రోడ్డు మీద పోయేవాళ్లకి మన్ననూరు, దోమలపెంట గేట్ల దగ్గర "తర్వాతి సిగ్నల్ ఫలానా ఊళ్లో" అని ఒక బోర్డు పెట్టినా చాలా మేలు.

ఇంకో మాట మా రివ్యూలు రాసేవాళ్లకి కూడా. శామీర్‌పేట చెరువు గట్టు మీద 5జీ స్పీడ్ టెస్ట్ చేసి స్క్రీన్‌షాట్ పెడతాం. సిగ్నల్ లేనిచోట జీపీఎస్ ఎంతసేపట్లో దొరికింది, మ్యాప్ నడుస్తూ బ్యాటరీ ఎంత తగ్గింది అనేది ఒక్క లైన్ కూడా రాయం. ఫోన్ కొనేవాడు దాంతో ఊరు దాటి కూడా వెళ్తాడు కదా. రేపు మీరు బయల్దేరే ముందు మాత్రం రివ్యూల కోసం ఆగకండి. ఎక్కడ కలుస్తాం, ఎన్నింటి దాకా చూస్తాం, రాకపోతే ఏం చేస్తాం, ఈ మూడూ బండి ఎక్కకముందే అనుకోండి.