కంజెనిటల్ అంటే వంశపారంపర్యం కాదు

పసిబిడ్డ రిపోర్టులో 'కంజెనిటల్' అన్న మాట కనపడగానే చాలా ఇళ్లలో 'ఇది ఎవరి వైపు నుంచి వచ్చింది?' అని ఆరా మొదలవుతుంది. చివరికి నింద పడేది తల్లి మీదే. నిజానికి ఆ మాట కారణం చెప్పదు. ఎప్పటి నుంచి ఉందో మాత్రమే చెబుతుంది. లాటిన్‌లో 'కాన్' అంటే తోడుగా, 'జెనిటస్' అంటే పుట్టిన. పుట్టుకతోనే ఉన్న లోపమన్నమాట. అంతే!

కొన్ని లోపాలకు జన్యువులు కారణం కావచ్చు. అన్నీ అలా కావు. పుట్టుకతోనే కంట్లో శుక్లాలున్న పిల్లల్ని పరిశీలించిన ఆస్ట్రేలియా వైద్యుడు నార్మన్ గ్రెగ్, వారి తల్లుల్లో చాలామందికి గర్భం తొలి నెలల్లో రుబెల్లా సోకిందని 1941లో వెల్లడించారు. ఆ లోపాన్ని తెచ్చింది వైరస్, వంశం కాదు. హంటింగ్టన్ వ్యాధి ఇందుకు తలకిందులు. అది వంశపారంపర్యమే అయినా సాధారణంగా నడివయసులో బయటపడుతుంది. చాలా లోపాలకైతే కారణమే దొరకదు.

కాబట్టి ఆ మాట కనపడితే డాక్టరును రెండు ప్రశ్నలు అడగండి. కారణం తెలిసిందా? మరో కాన్పులో మళ్లీ వచ్చే అవకాశం ఉందా? బాలింతను మాత్రం నిలదీయకండి. ఆమెకు అప్పుడు కావలసింది ఆసరా.