శని ఆదివారాల ప్రేమనగరం

మా కాలేజీలో నాతో పనిచేసే మిత్రురాలికి పెళ్లయి పాతికేళ్లు నిండాయి. పిల్లలిద్దరూ పైచదువులకని ఊళ్లు దాటారు. "మేడం, మీరు హైదరాబాదులో పదేళ్లున్నారు కదా, మా ఇద్దరికీ రెండు రోజుల ప్లాను వేసివ్వండి. శుక్రవారం రాత్రి బెజవాడలో బస్సెక్కితే సోమవారం తెల్లారేసరికి ఇంట్లో ఉండాలి" అని అడిగింది. మీవారు ఏం చూడాలనుకుంటున్నారు అన్నాను. "ఆయనకేం తెలుసు, నువ్వే చూడు అన్నారు" అంది ముచ్చటగా నవ్వుతూ. ఆ 'నువ్వే చూడు' దగ్గరే నాకు పేచీ మొదలైంది.

ఆమె నోటుపుస్తకం తెరిచి చూపించింది. బస్సు సీట్లు, హోటలు గది సగం పేజీలో అయిపోయాయి. మిగతా పేజీన్నరా ఇంటిదే. అత్తగారి బీపీ మాత్రలు పూటకొక పొట్లం కట్టిపెట్టడం, ఇడ్లీపిండి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టడం, పాలబ్బాయికి చెప్పడం, రాత్రిళ్లు వచ్చి పడుకోమని ఆడపడుచును బతిమాలడం, ఆయన చొక్కాలు ఇస్త్రీకి వేయడం. పేజీ చివర ఒక మాత్ర పేరు. నెలసరి వాయిదా పడడానికి. తిరుపతి వెళ్లేటప్పుడు ఆడవాళ్లు వేసుకునే మాత్రలే ఇవి. ఇక్కడ దేవుడి స్థానంలో మొగుడున్నాడు, అంతే తేడా.

2024 కాలవినియోగ సర్వే ప్రకారం మన దేశంలో జీతంలేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు ఆ పని చేస్తున్నారు. కానీ 'మన ఇద్దరి ఏకాంతాన్ని' కూడబెట్టే పనిని ఏ నిమిషాల్లో రాయాలి? విహారం అంటే పని నుంచి తప్పుకోవడం అని కదా అర్థం. మగవాడికి శుక్రవారం సాయంత్రం మొదలయ్యే విహారం ఆడదానికి పదిహేను రోజుల ముందునుంచీ చాకిరీగా మొదలవుతుంది. అదంతా ముగించుకుని, అలసట కనపడకుండా, కొత్త చీరలో, కొత్త పెళ్లికూతురి ముఖంతో బస్సెక్కాలి.

సరే, ఎక్కింది. ఆ నగరం జంటలకు ఏం చూపిస్తుంది? ఎవరిని అడిగినా ఒకే వరస చెబుతారు. చార్మినార్ దగ్గర భాగమతి కథ, పురానాపూల్ దగ్గర అదే కథ, ఇబ్రహీంబాగ్ దగ్గర తారామతి కథ, గోల్కొండలో సౌండ్ అండ్ లైట్, డబ్బుంటే ఫలక్‌నుమాలో భోజనం. నాలుగువందల ఏళ్లు దాటిన ఊరిలో ఆడవాళ్లంతా ఎవరో ఒకరి ప్రేయసులే! రాజుగారు పాట విన్నారు, నాట్యం చూశారు, మనసిచ్చారు. క్రియలన్నీ ఆయనవి.

పురానాపూల్ సంగతే చూడండి. ప్రియురాలి కోసం మూసీ వరదలో ప్రాణాలకు తెగించిన రాకుమారుడి కోసం తండ్రి ఆ వంతెన కట్టించాడని చెబుతారు. ఇబ్రహీం కుతుబ్ షా ఆ వంతెన కట్టించింది 1578లో. అప్పటికి మహమ్మద్ కులీకి పన్నెండు పదమూడేళ్లు. గోల్కొండ నుంచి మచిలీపట్నం దాకా సాగిన వర్తకానికి నదిమీద దారి అవసరమై ఉంటుందన్న మామూలు ఊహకంటే, ఏడో తరగతి వయసు కుర్రాడి ప్రేమే మనకు నమ్మశక్యంగా ఉంది. చరిత్రకారుల్లో హరూన్ ఖాన్ షేర్వాణీ భాగమతి కథను ఒప్పుకోలేదు. నరేంద్ర లూథర్ నిజమేనన్నారు. ఆమె ఉందా లేదా అన్నది నా తగాదా కాదు. ఉందన్నవాళ్ల కథలో కూడా ఆమె నోట ఒక్క మాట లేదు. కుతుబ్ షాహీల శ్మశానవాటికలో ఆమెది అని చూపించే సమాధీ లేదు. ఆ ఊరినే ఆమె పేరున కట్టారంటారు, ఆమెకు మాత్రం ఆరడుగుల నేల మిగల్లేదు.

అదే వాటికలో పెద్ద గుమ్మటం కింద హయాత్ బక్షీ బేగం ఉంది. అయిదో సుల్తాను కూతురు, ఆరో సుల్తాను భార్య, ఏడో సుల్తాను తల్లి. చూశారా, నేనూ ఆమెను మగవాళ్ల వరసలతోనే పరిచయం చేస్తున్నాను, అలవాటు అలాంటిది. 1626లో చిన్నవయసు కొడుకు గద్దెనెక్కితే రాజ్యవ్యవహారాలు చూసింది. 1656లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు సంధి మాటలకు వెళ్లింది. బెజవాడ నుంచి బస్సులో వచ్చే జంట ఊళ్లోకి అడుగుపెట్టేది ఆమె పేరున వెలిసిన హయత్‌నగర్ మీదుగానే. ఆ పేరు అప్పుడు నిద్రలో వెనక్కి పోతుంది. రాయబారానికి వెళ్లే ఆడది జంట ఫొటోకి వెనక తెరగా పనికిరాదు కదా.

ఇక ఖైరున్నీసా. కోఠీ మహిళా కళాశాలలో, ఇప్పుడది విశ్వవిద్యాలయం, చదువుకున్నవాళ్లకు ఆ రెసిడెన్సీ మెట్లు, స్తంభాలు గుర్తుండే ఉంటాయి. బ్రిటిష్ రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్‌కీ హైదరాబాదు కులీనుల ఇంటి పిల్లకీ జరిగిన ప్రేమ వివాహం గురించి 2002లో విలియం డాల్రింపుల్ పుస్తకం వచ్చాక అదొక 'అమరప్రేమ' అయిపోయింది. ఆ ప్రేమలో ఆమెకు మిగిలిందేమిటి? 1805లో ఇద్దరు పిల్లల్నీ ఇంగ్లండు ఓడ ఎక్కించారు. పెద్దవాడికి అయిదేళ్లు నిండలేదు. అదే ఏడు అక్టోబరులో భర్త కలకత్తాలో చనిపోయాడు. ఆమె పిల్లల్ని మళ్లీ చూడలేదు. ఆసరాగా కనిపించిన భర్త సహాయకుడు హెన్రీ రస్సెల్ దగ్గరై, తర్వాత వదిలేశాడు. సొంత ఊళ్లోకి రానివ్వకపోతే మన మచిలీపట్నంలో కొన్నేళ్లు తలదాచుకుంది. చివరికి తిరిగి వచ్చి 1813లో, ఇరవయ్యేడో ఏట పోయింది. ఆమె ఉన్న జనానా మహలును తర్వాతి రెసిడెన్సీ దొరలు పడగొట్టించారు. తల్లి నుంచి పిల్లల్ని విడదీయడం ఆ కథలో ఒక విషాద సన్నివేశం మాత్రమే. నాకైతే కథంతా అదే. ఆ మెట్లమీద చేతిలో చెయ్యి వేసుకుని దిగే జంటకు ఈ సంగతి ఎవరు చెబుతారు? చెబితే ఫొటో చెడిపోతుంది.

పెళ్లే చేసుకోని మహలఖా బాయి చందా, దీవాన్ ఉన్న కవయిత్రి, మౌలాలి గుట్టకింద తల్లికి కట్టించిన సమాధి పక్కనే నిద్రపోతోంది. జంటల ప్లానులో మౌలాలి ఉండదు.

ఇప్పుడు హోటలు దగ్గరికి రావాలి. పెళ్లికాని ఇద్దరు మేజర్లు హోటలు గదిలో ఉండడం నేరమనే చట్టం ఏదీ లేదు. అయినా కౌంటరు దగ్గర గుమాస్తా చూపు ముందు ఆడపిల్ల మెడ మీదికే పోతుంది. ఇద్దరు ఆడవాళ్లు ప్రేమతో వస్తే 2018 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఆ కౌంటరు దాకా చేరిందో లేదో వాళ్లకే తెలియాలి. ఒంటరి ఆడదానికీ అదే చూపు. ఒకసారి సెమినారుకని వెళ్లి, బస్సు ఆలస్యమై రాత్రి పదకొండింటికి ఒక లాడ్జికి చేరాను. "ఒక్కరేనా?" అన్నాడు. గుర్తింపుకార్డు, కాలేజీ లెటర్‌హెడ్డు, నెరిసిన జుట్టు, ఏవీ చాలలేదు. బస్టాండులోనే తెల్లవార్చాను.

మా మిత్రురాలికి ఆ బాధలేదు. ఆమె దగ్గర మంగళసూత్రం ఉంది. ఆ గుమ్మం దాటించే పెళ్లే లోపల ఏం చేస్తుందో చూడండి. ప్యాకేజీలో గది అలంకరణ కూడా ఉంది. పరుపు మీద గులాబీ రేకులతో గుండె బొమ్మ. ఆ రేకులు పరిచేది గదులు ఊడ్చే మరో ఆడమనిషి, మర్నాడు ఏరేదీ ఆమే. ఇంత ఖర్చు పెట్టి, ఇంత దూరం వచ్చి, పూలు కూడా పరిచాక, నాకు నిద్రొస్తోంది అనే హక్కు భార్యకు ఉందా? 2024 జూలైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షను పద్దెనిమిదేళ్లు నిండిన భార్య మీద భర్త బలవంతాన్ని అత్యాచారంగా లెక్కించదు. పాత శిక్షాస్మృతి మినహాయింపునే కొత్త పేరుతో ఉంచుకున్నారు. అంటే కౌంటరు దగ్గర పెళ్లికానివాళ్ల ఇష్టానికి విలువలేదు, గదిలో పెళ్లయినదాని అయిష్టానికి విలువలేదు. ఆ నోటుపుస్తకంలో మాత్ర పేరు చూసినప్పుడు నాకు తట్టింది ఇదే. ఆయన మంచివాడే కావచ్చు. ఆయన మంచితనం మీద తప్ప మరి దేనిమీదా ఆధారపడలేని స్థితి గురించి నేను మాట్లాడుతున్నాను.

స్త్రీవాదులకు సరదా అంటేనే గిట్టదని నన్నిక దెప్పుతారని తెలుసు. మా అమ్మ నాన్నతో కలిసి చేసిన ప్రయాణాలన్నీ పదకొండుమంది బంధువులతో తిరుపతికి చేసినవే. భర్తతో నాలుగు మాటలు మాట్లాడుకోవడానికి సత్రంలో చోటు ఉండేది కాదు. ఆ తరానికి 'మేమిద్దరమే వెళ్తాం' అనడమే తిరుగుబాటు. అందుకే మా మిత్రురాలి కోరికను నేను చిన్నచూపు చూడలేను. ఆమెకు కావలసింది సరదా. ఇంట్లో ఉన్నట్టే అక్కడా అందరి అవసరాలూ కనిపెట్టుకుని ఉండడాన్ని సరదా అని ఎలా ఒప్పుకోను?

ప్లాను రాసే ఇచ్చాను. మొదటి పంక్తి, 'ఇడ్లీపిండి, అత్తగారి మాత్రలు, పాలబ్బాయి: ఆయన.' రెండోది, 'గది అలంకరణ వద్దు, రెండు మంచాలు.' ఆ తర్వాత హయాత్ బక్షీ, కోఠీ, మౌలాలి. ఆమె చదివి పకపకా నవ్వింది. "ఇది చూస్తే ఆయన ప్రయాణమే మానేస్తారు మేడం" అంది.

"అయితే మీరొక్కరే వెళ్లండి."

నవ్వు ఆగింది. కాసేపు కాగితం మడతలు పెట్టి, "ఒక్కదాన్నే అయితే గది ఇస్తారా?" అని అడిగింది.

విద్యానగర్‌లో మా స్నేహితురాలి ఇంటి చిరునామా ఆ కాగితం వెనక రాసిచ్చాను.